మన పెద్దల నోరు చూచుచున్నామా?



పశువుల సంతకు పోయిన రైతు ఎద్దు రంగును, కొమ్ముల తీరును చూచినంత మాత్రమున బేరమాడడు. దాని క్రింది పెదవిని వ్రేలితో వంచి, రెండు పండ్లదో, నాలుగు పండ్లదో, ఆరు పండ్లదో చూచును. పండ్లు అరిగినవా, ఊగుచున్నవా యని పరీక్షించును. నమలలేని పశువు మేత తినలేదనియు, మేత తినలేని పశువు కాడి మోయలేదనియు అతడెరుగును. ఈ విద్య మనకు బడిలో నేర్పినది కాదు. తండ్రి వెంట సంతకు పోయి నేర్చినది. ఇట్టి నేర్పుగల మనము, మన ఇంటి అరుగుమీద కూర్చుండి మూడు పూటలును చోడి అంబలి మాత్రమే త్రాగుచున్న తల్లి నోటిని ఎన్నడైనను తెరచి చూచితిమా?

ఆమె అంబలియే యేల త్రాగుచున్నదని అడుగువారు కూడ అరుదు. “ముసలితనము వచ్చినది, పండ్లు పోయినవి, ఏమి తినగలదు?” అని మనకు మనమే సమాధానము చెప్పుకొందుము. ఆ సమాధానము తప్పని నా యభిప్రాయము. వార్ధక్యము తనంతట తాను పండ్లను పెరికివేయదు. ఏండ్ల తరబడి పేరుకొనిన గార, వాచిన చిగుళ్లు, పుచ్చిన పండ్లు, పొగాకు, ఇవి యన్నియు కలిసి చేసిన నష్టమును మనము వయస్సు పద్దున వ్రాసివేయుచున్నాము. లెక్క తప్పు పద్దున వ్రాసినచో అసలు నష్టమెక్కడిదో ఎన్నటికిని తెలియదు. మన ప్రాంతమున నీ యలక్ష్యమువలన పండ్లు పోవుటతో ఆగదు. కొన్ని యిండ్లలో ప్రాణమే పోవుచున్నది.

మా యింటి సంగతి చెప్పెదను. ఇందు దోషము మాదే కాని అన్యులది కాదు. మా పెద్దమ్మ కొత్తవలసకు దాపుననున్న యొక పల్లెలో కాపురముండెను. నలువది యేండ్లకు పైగా అడ్డపొగ త్రాగెను. అరువదియెనిమిదవ యేట మీది దౌడ నొప్పిగా నున్నదని చెప్పెను. “పై పన్ను కదులుచున్నది కాబోలు, రేపో మాపో ఊడిపోవును” అంటిమి. నొప్పి మరచుటకై ఆమె దినమునకు ఇంకొక చుట్ట హెచ్చుగా కాల్చెను. కొన్ని నెలలకు కూరన్నము మాని మజ్జిగన్నము పట్టెను. అదియు మాని అంబలి పట్టెను. బుగ్గలు లోనికి పోయినవి. “పెద్దమ్మ చిక్కిపోయినది” అని వచ్చినవారందరును అనిరి. నోరు తెరువుమని మాత్రము ఒక్కరును అనలేదు.

ఇంతలో ఇంట నొక పెండ్లి వచ్చినది. ఆసుపత్రిలో నర్సు పని నేర్చుచున్న ఆమె మనుమరాలు సెలవుమీద వచ్చి, “నోరు తెరువు అమ్మమ్మా” అని సెల్‌ఫోను వెలుతురు పట్టి చూచెను. చూచి, ఒక్క మాటయు పలుకక బయటికి వచ్చి మమ్ము పిలిచెను. అంగిలిమీద రూపాయి బిళ్లంత పుండు కనబడినది. పెండ్లి ముగిసిన మరునాడే పట్టణమునకు తీసికొనిపోయితిమి. అది క్యాన్సరని తేలినది. శస్త్రము చేసి మీది దౌడలో కొంత భాగమును తీసివేసిరి. ఆమె మరి రెండేండ్లు బ్రతికినది. కాని మాట ముక్కునుండి వచ్చెడిది, త్రాగిన నీరు కూడ ఒక్కొక్కప్పుడు ముక్కున వచ్చెడిది. పదిమందిలో కూర్చుండి భోజనము చేయుటకు సిగ్గుపడెడిది. వైద్యుడు మమ్ము గద్దింపలేదు. “ఇది మొదట తెల్లని మచ్చగా నుండియుండును. అప్పుడెవరైన చూచియున్న బాగుండెడిది” అని మాత్రమే యనెను. ప్రయాణములకును, మందులకును బంగారము కుదువబెట్టి అప్పు తెచ్చితిమి. ఆ యప్పు తీరినది. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

అడ్డపొగ యన నేమో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. చుట్ట కాలుచున్న కొనను నోటి లోపలికి పెట్టుకొని పొగ త్రాగుటయే యది. గాలికి ఆరదనియు, తడిలో పనిచేయుచున్నను చుట్ట తడియదనియు, రెండు చేతులకును పని సాగుననియు, చలికి వెచ్చగా నుండుననియు, పంటినొప్పికి మందనియు అనేక కారణములు చెప్పుదురు. ఉత్తరాంధ్ర తీరమున ఇది మగవారిలో కంటె ఆడువారిలో హెచ్చు. ప్రపంచమున మన మొక్కరమే ఇట్లు త్రాగువారము కాము. దక్షిణ అమెరికాలోని కొలంబియాలోను, ఫిలిప్పీన్సు దీవులలోను, ఇటలీకి చేరిన సార్డీనియా ద్వీపమునను ఈ వాడుక కలదని గ్రంథస్థమై యున్నది. ఎక్కడనైనను దాని ఫల మొక్కటియే. నిప్పు వేడియు, పొగలోని విషమును నేరుగా అంగిలికి తగులును. అంగిలి మొదట తెల్లబారును. పిమ్మట ఎఱ్ఱని మచ్చలు, పుండ్లు, కొందరిలో క్యాన్సరు. సాధారణముగ చుట్టయో బీడియో త్రాగువారికి అంగిలిమీద క్యాన్సరు వచ్చుట అరుదు. అడ్డపొగ త్రాగువారి కది ముఖ్యమైన చోటు.

ఈ సంగతి నేడు క్రొత్తగా తెలిసినది కాదు. బొంబాయిలోని టాటా మూలపరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధన విభాగమువారు 1960వ దశకమున నాటి శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇంటింటికి తిరిగి 10,169 మంది నోళ్లను తెరపించి చూచిరి. అప్పటికి విజయనగరము జిల్లా యేర్పడలేదు. అది 1979లో ఏర్పడినది. పరీక్షింపబడినవారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగువారని తేలినది. ఆ పరిశోధన ఫలితములు 1971లో బ్రిటిషు క్యాన్సరు పత్రికలో ప్రకటితమైనవి. డెన్మార్కు దేశీయుడైన పింబోర్గు అను దంతవైద్య పండితుడును, మన దేశీయుడైన మెహతాయు అందు ముఖ్యులు. మన అవ్వల అంగిళ్లను గూర్చి ప్రపంచపు వైద్యు లెల్లరు నేటికిని చదువుచున్నారు. చదువనివారము మనమే.

ఆ సంస్థవారే తరువాత కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము, మన శ్రీకాకుళము, ఈ మూడు జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడువారికి హితము చెప్పుచు, ఏటేట నోరు పరీక్షించుచు వచ్చిరి. పొగాకు మానినవారిలోను, తగ్గించినవారిలోను క్రొత్తగా మచ్చలు పుట్టుట తగ్గినదని 1986లో ప్రకటించిరి. సభ్యులు గమనింపవలసిన దిదియే. నలువది యేండ్ల అలవాటయినను మానినచో మేలు కలదు. “ఇంత వయస్సు వచ్చిన పిమ్మట మాని యేమి లాభము?” అను మాట నిరాధారము. మానుటకు తోడు కావలయునన్న, కేంద్ర ప్రభుత్వమువారు 1800112356 అను సంఖ్యకు ఫోను చేసినవారికి ఖర్చు లేకుండ సలహా చెప్పుచున్నారు. చుట్ట మాని ఖైనీ నమలుట గాని, కిళ్లీలో పొగాకు వేసికొనుట గాని, పొగాకు పొడితో పండ్లు తోముట గాని మానుట కాదు. చేయి మార్చుట మాత్రమే. పొగాకు కలిపిన పండ్లపొడిని, పేస్టును ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. వక్క కూడ, పొగాకు లేకున్నను, నోటి క్యాన్సరునకు కారణమగునని వైద్యశాస్త్రము నిర్ణయించినది.

ఇక పండ్ల మాటకు వత్తము. వార్ధక్యమున పండ్లు నిలువవను నమ్మకము ఎంత యసత్యమో తెలియుటకు జపానును చూడవలయును. ఆ దేశమున 1989లో ప్రభుత్వమును, దంతవైద్యుల సంఘమును కలిసి “ఎనుబది యేండ్లకు ఇరువది పండ్లు” అను నుద్యమమును ప్రారంభించిరి. మనిషికి ముప్పది రెండు పండ్లు. అందు ఇరువది నిలిచియున్నచో కట్టుడు పండ్లు లేకయే ఇంచుమించు అన్నియు తినవచ్చునని వారి లెక్క. ఉద్యమమునకు పూర్వము ఎనుబది యేండ్ల ముసలివారిలో ఇరువది పండ్లున్నవారు నూటికి పదిమంది కూడ లేరు. 2016 నాటి పరీక్షలో సగము మందికి పైగా ఉన్నట్లు తేలినది. ముప్పది యేండ్లలోపల ఆ దేశీయుల యెముకలు మారలేదు, అలవాట్లు మారినవి. దంతవైద్యుని యొద్దకు పోవుట మారినది.

వయస్సు పైబడిన నోటిలో కొన్ని మార్పులు వచ్చునన్నది సత్యమే. వానిని తెలిసికొనుట మేలు. చిగురు క్రిందికి జారి పంటి వేరు బయటపడును. పంటి పైభాగమునకుండు గట్టి పింగాణి పొర వేరునకు లేదు గనుక అచ్చట పుచ్చు త్వరగా పట్టును. నోటిలో లాలాజలము తగ్గును. వయస్సుకంటె రక్తపుపోటు మొదలగు వ్యాధులకు మ్రింగు మందులే దీనికి ముఖ్యకారణము. లాలాజలము పండ్లకు కాలువ నీరువంటిది. అది యెండినచో పుచ్చు హెచ్చును, నాలుక మండును. మధుమేహమున్నవారికి చిగుళ్ల వ్యాధి త్వరగా వచ్చును. చిగుళ్ల వ్యాధి ముదిరినచో మధుమేహము అదుపు తప్పును. ఒకదాని కొకటి ఎరువు వేయును. చిగుళ్ల వ్యాధి చాలకాలము నొప్పి పెట్టదు. తోముకొన్నపుడు రక్తము కనబడుటయే దాని తొలిగుర్తు. పొగాకు త్రాగువారికి ఆ రక్తము కూడ సరిగా కనబడదు. కావున తమ చిగుళ్లు గట్టివని భ్రమపడుదురు.

ఇందుకు చేయవలసిన దినచర్య మిక్కిలి చిన్నది. దినమునకు రెండుమారులు తోమవలయును. ఉదయము తోముట మనకు తెలియును. రాత్రి భోజనానంతరము, పండుకొనబోవు ముందు తోముట మన పల్లెలలో లేదు, ముఖ్యమైనది అదియే. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి పండ్లసందున మిగిలిన అన్నపు మెతుకు తెల్లవారులు పుచ్చునకు పని కల్పించును. మెత్తని కుచ్చుగల బ్రష్షుతో, శనగగింజంత ఫ్లోరైడు పేస్టు వేసి, చిగురును పన్నును కలియు చోట మెల్లగా తోమవలయును. నల్లగొండవలె నీటిలో ఫ్లోరైడు మితిమీరిన చోట్లవారు పేస్టును గూర్చి వైద్యుని యడిగి వాడవలయును. నాలుకను కూడ శుభ్రము చేయవలయును. వ్రేళ్లు వంగని ముసలివారికి బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి లావుచేసి యిచ్చినచో పట్టు దొరకును. అదియు చేతకానివారికి ఇంటివారు తోమవలెను; పసిపిల్లలకు చేయు పనినే పెద్దలకు చేయుట సిగ్గుకాదు.

వేపపుల్లను మానుమని నేను చెప్పను. కొన బాగుగ నమిలి మెత్తని కుచ్చు చేసి, మెల్లగా వాడినచో దానివలన నష్టము లేదు. కాని గట్టిపుల్లతో అడ్డముగ రాచినచో పంటి మొదలు కోతపడును. బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చికపొడి, ముతక యుప్పు, ఇవి పండ్లను తెల్లగా చేయుచున్నట్లు కనబడి పై పొరను అరుగదీయును. అరిగిన నేలకు ఎరువు వేయవచ్చును. అరిగిన పంటి పొర మరల పెరుగదు. బెల్లము, తీపి టీ మొదలగునవి నోటికి తగిలిన ప్రతిమారును పుచ్చునకు మేత దొరకును. దినమున పదిమారులు తీపి టీ చప్పరించుటకంటె, తినదలచిన తీపిని భోజనముతో కలిపి తిని నోరు పుక్కిలించుట మేలు.

పండ్లన్నియు పోయినవారు “ఇక మాకేమి పని?” అని యందురు. వారికిని పని కలదు. పండ్లు లేకున్నను చిగుళ్లును, అంగిలియు, నాలుకయు ఉన్నవి. వానిని దినమున కొకమారు తడి గుడ్డతో తుడువవలయును. కట్టుడు పండ్లు పెట్టుకొన్నవారు రాత్రి వానిని తీసి, బ్రష్షుతో కడిగి, చల్లని నీటిలో నుంచవలయును. మరుగునీటిలో వేసినచో రూపము చెడును. కట్టుడు పండ్లను దినరాత్రము తీయక యుంచుకొన్నచో వాని క్రింద అంగిలి యెఱ్ఱబారి పాచిపట్టును. వయస్సుతో దౌడ యెముక కరగును గనుక, ఒకప్పుడు సరిపోయిన పండ్లు కొన్నేండ్లకు వదులై రాచుకొనును. అట్టివానిని దారముతోను, గుడ్డతోను బిగించుకొనక వైద్యునిచే సరిచేయించుకొనవలయును.

మన పల్లెలలో వైద్యునియొద్దకు పోకుండ ఆపునవి నొప్పియు, ఖర్చును మాత్రమే కావు. కొన్ని నమ్మకములు కూడ. మీది పన్ను తీయించినచో కన్ను పోవునని యొక భయము. పంటికిని చూపునకును అట్టి సంబంధము లేదు. కన్ను మందగించుటయు, పన్ను పోవుటయు ముసలితనమున ఒక్కమారే సంభవించుటచే ఒకదానిని మరియొకదానికి కారణముగ నెంచినారు. గార తీయించినచో పండ్లు వదులగునని మరియొక భయము. గార పండ్లకు కట్టుగోడ కాదు. చిగురును తినివేయు చెద. అది పేరుకొనియున్నప్పుడు మూసుకొనిపోయిన సందులు, తీసిన పిమ్మట నాలుకకు తగులును. అందుచే వదులైనట్లు తోచును. అప్పటికే వదులైన పన్ను ఆ గారవలననే వదులైనది. పంటినొప్పికి లవంగనూనె కొంతసేపు ఊరట నిచ్చును గాని పుచ్చును మాన్పదు. పొగాకు కాడను, కిరసనాయిలును పుచ్చులో పెట్టినచో చిగురు కాలును. దుకాణమున నొప్పిమాత్రలు కొని నెలల తరబడి మ్రింగినచో కడుపును, మూత్రపిండములును చెడును. గుండెజబ్బునకు రక్తము పలుచనజేయు మందు వాడువారు, మధుమేహము గలవారు ఆ సంగతిని పన్ను తీయించుటకు ముందే దంతవైద్యునికి చెప్పవలయును. తమంతట తాము మందు మానరాదు.

ఇక ప్రతి యింటివారును చేయవలసిన పని యొకటి కలదు. నెలకొక్కమారు, పగటి వెలుతురులో, మన పెద్దల నోరు చూడవలయును. కట్టుడు పండ్లున్న తీయించి, తల వెనుకకు వాల్పించి, మొదట అంగిలి, తరువాత బుగ్గల లోపలి భాగము, చిగుళ్లు, నాలుక మీదను ప్రక్కలను, నాలుక క్రిందను చూడవలయును. సెల్‌ఫోను దీపము చాలును. తుడిచినను పోని తెల్లని మచ్చ, ఎఱ్ఱని మచ్చ, గడ్డ, తిమ్మిరి, కారణము తెలియక కదులు పన్ను, నోరు పూర్తిగా తెరువరాకుండుట, మ్రింగుటలో కష్టము, మెడలో బిళ్ల, వీనిలో నేదైనను కనబడినచో జాగ్రత్తపడవలయును. నోటిలో పుండు రెండు వారములు దాటినను మానకున్నచో అది నొప్పి పెట్టుచున్నను, పెట్టకున్నను వైద్యునికి చూపవలసినదే. తొలిదశలో క్యాన్సరునకు తరచుగ నొప్పి యుండదు. నొప్పి లేదని ఊరకుండుటయే మా పెద్దమ్మ విషయమున మేము మొదట చేసిన తప్పు.

చూపించుట ఎక్కడనందురేమో. కొత్తవలస రైలు కూడలి. విశాఖపట్టణమునకు పోయి వచ్చుట మన కొక పూట పని. అచ్చట కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. అగనంపూడిలో టాటావారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఎరువుకును, విత్తనమునకును, కోర్టు వాయిదాకును అనేకమారులు ఎక్కిన రైలును తల్లి నోటికొఱకు ఒక్కమారెక్కుట గొప్ప భారము కాదు.

“ఇంకెన్నాళ్లు బ్రతుకుదును బాబూ, నాకెందుకీ ఖర్చు?” అని పెద్దలే అందురు. ఆ మాటను మనము వారి యిష్టమని యెంచి ఊరకుందుము. అది యిష్టము కాదు. ఇంటి ఖర్చు చూచి వారు చేసికొనిన త్యాగము. పండ్లు పోయినవారు మొదట గింజలను, పచ్చికూరను, పండును, మాంసమును మానుదురు. మెత్తని అన్నమును, గంజియు మిగులును. ఒళ్లు పీల్చుకొనిపోవును, కాళ్లలో బలము తగ్గును, పడినచో ఎముక విరుగును. అప్పుడు మంచము పట్టిన పెద్దను చూచుకొనుటకు ఇంటిలో నొకరు పొలముపని మానవలయును. ఒక బ్రష్షు, ఒక పేస్టు గొట్టము, ఏటికొకమారు గార తీయించుట, వీని ఖర్చును, ముదిరిన క్యాన్సరు ఖర్చును ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. క్యాన్సరు చికిత్సకు రాష్ట్ర ప్రభుత్వపు ఆరోగ్య పథకము తోడ్పడునన్నది నిజమే. కాని పోయిన దౌడకు ఏ పథకమును సొమ్ము చెల్లింపదు.

సహకార సంఘమునకు పండ్ల గొడవ యేల యని కొందరడుగవచ్చును. మన దేశమున 1904లో సహకార పరపతి చట్టము వచ్చినప్పుడు పెద్దలు తలచినది, రైతు వడ్డీవ్యాపారి చేతిలో పడకుండుట. రైతు వడ్డీకి అప్పుచేయుటకు పంటనష్టము, పెండ్లి ఖర్చు, జబ్బు, ఈ మూడును నాటినుండి నేటివరకు ముఖ్యకారణములు. జబ్బును ముందుగా పట్టుకొన్న సంఘము అప్పును ముందుగా ఆపినదగును. కావున మన సంఘపు పాలకవర్గమువారికి మూడు సూచనలు చేయుచున్నాను.

మొదటిది: ఏటేట జరుగు మహాజనసభ దినమున, సభకు ముందుగా, దంతవైద్యులను పిలిపించి అరువదియేండ్లు దాటిన సభ్యులకును, సభ్యుల యింటి పెద్దలకును నోటిపరీక్ష చేయింపవలయును. విశాఖపట్టణపు దంతవైద్య కళాశాలలవారికి ముందుగా వ్రాసి యడిగినచో విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చి శిబిరము పెట్టుట కష్టము కాదు. సభకు మగవారే వత్తురు. అడ్డపొగ త్రాగునది ఆడువారు. కావున ఆ దినమున ప్రతి సభ్యుడును తన యింటి ముసలమ్మను తప్పక తీసికొని రావలయునని నోటీసులోనే వ్రాయవలయును.

రెండవది: ఎరువులు, విత్తనములు అమ్ము సంఘపు దుకాణమున మెత్తని బ్రష్షులును, ఫ్లోరైడు పేస్టును కొన్న ధరకే యుంచవలయును.

మూడవది: సంఘ కార్యాలయమున, అరుగుమీదను, గిడ్డంగిలోను చుట్ట, బీడి కాల్చుట నిలిపివేయవలయును. 2003 నాటి పొగాకు చట్టమును, 2008 అక్టోబరు 2వ తేదినుండి అమలైన నియమములును దీనిని ఇదివరకే కోరుచున్నవి. మనము గోడకు బోర్డు తగిలించి దానిక్రిందనే చుట్ట ముట్టించుచున్నాము. ఈ వ్రాతలో నాది కూడ దోషమున్నది: నేనును పదునెనిమిదేండ్లు బీడి కాల్చినవాడనే. పెద్దమ్మ ఆసుపత్రిలో నున్నప్పుడు మానితిని.

ఈ సూచనలను పాలకవర్గము అంగీకరించువరకు వేచియుండవలసిన పని మాత్రము లేదు. ఈ సంచికను మూసిన పిదప, వెలుతురుండగనే, మీ తల్లినో, తండ్రినో, అత్తనో అరుగుమీద కూర్చుండబెట్టుడు. “అమ్మా, ఒక్కమారు నోరు తెరువు” అని యడుగుడు. సిగ్గుపడుదురు, నవ్వుదురు, “నా నోటిలో నేమున్నదిరా” అందురు. అయినను చూడుడు. సంతలో ఎద్దునకు మనము చేయు పరీక్షకు పట్టునంత కాలము చాలును. ఏమియు కనబడకున్నచో మీ మనస్సు నెమ్మదించును. ఏదైన కనబడినచో, మాకు దొరకని కాలము మీకు దొరకినదని యెంచి, మరునాటి రైలుకే బయలుదేరుడు.